ఐదు మిల్లీమీటర్లు తక్కువ

మొగుడూ పెళ్ళాం నాలుగు మాటలు చెప్పుకోవడానికి ఎవరికైనా వంటగది ఉంటుంది, వసారా ఉంటుంది, ఏదీ లేకపోతే మంచమైనా ఉంటుంది. వీళ్ళిద్దరికీ మాత్రం నలభై అడుగుల ఎత్తున్న డీజిల్ ట్యాంకు నెత్తి తప్ప వేరే చోటు దొరకలేదు. నవ్వొస్తోందా? నవ్వండి, తప్పులేదు. మొదట్లో వాళ్ళూ నవ్వుకున్నారు.

ఇద్దరూ ఒకే డిపోలో కొలత పనివాళ్ళు. ఇనుప మెట్లెక్కి ట్యాంకు పైకి వెళ్ళాలి. మూత తీయాలి. చివర ఇత్తడి గుండు వేలాడే స్టీలు టేపుకి సుద్ద రాసి, అడుగు తగిలేదాకా దించాలి. పైకి లాగి సుద్ద ఎక్కడిదాకా తడిసిందో చదివి రిజిస్టరులో వేయాలి. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. చేసి చూస్తే తెలుస్తుంది. గుండు అడుగు రేకుని తాకగానే వేలికి తెలియాలి, అక్కడ ఆగాలి. ఇంకాస్త వదిలితే టేపు వంగిపోయి, లేని డీజిల్‌ని ఉన్నట్టు చూపిస్తుంది. వేడికి డీజిల్ ఉబ్బుతుంది, చల్లబడితే తగ్గుతుంది. దానికో పట్టిక ఉంది, ఆ తేడా తీసేశాక మిగిలిందే అసలు అంకె. ఆమె వేలికి ఈ విద్య పదేళ్ళుగా పట్టుబడింది. అతనిది ఇంకా మంచి చెయ్యి.

ఆమెది పగటి డ్యూటీ, పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు. అతనిది రాత్రి, సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఆరు. ఇదివరకు మూడో మనిషి ఒకాయన ఉండేవాడు, వంతులవారీగా సెలవులు దొరికేవి. ఆయన రిటైరై ఆరు నెలలైంది. ఆ కుర్చీలోకి ఎవర్నీ వేయలేదు. సెలవులు కాగితం మీద పోగవుతున్నాయి తప్ప మనిషికి దక్కడం లేదు. డిపో ఆఫీసర్ని అడిగితే "చూద్దాం" అంటాడు. ఎవరేం అడిగినా ఆయన నోట వచ్చేది ఆ ఒక్క మాటే కాబట్టి డిపో అంతా ఆయన్ని చాటుగా చూద్దాంసారు అని పిలుస్తుంది. మనిషి చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే కనీసం తిట్టుకోవడానికి వీలుగా ఉండేది.

ఇక వీళ్ళ కాపురం చెప్పాలంటే, మంచానికి గోడవైపు సగంలో పగలు అతను పడుకుంటాడు, రాత్రి ఆమె పడుకుంటుంది. ఒక దిండు సరిపోయింది. రెండోదాన్ని రెండో తరగతి చదివే కూతురు తన బొమ్మలకి పరుపుగా లాక్కుపోయింది. సాయంత్రం ఆమె దిండు మీద తల పెడితే అతని తలనూనె వాసన వస్తుంది. ఆ వాసన కోసం గలీబు ఉతకడం ఒక్కోసారి వాయిదా వేస్తుంది. చెప్పుకుంటే సిగ్గుచేటు కదా, అందుకే ఎవరికీ చెప్పలేదు.

గేటు దగ్గర మాత్రం రోజుకి రెండుసార్లు ఎదురుపడతారు. ప్రతిసారీ రెండేసి నిమిషాలు. "గ్యాసు అయిపోయింది." "పాపకి చెప్పులు తెగాయి." "స్కూల్లో రంగు కాగితాలు అడిగారట." ఆ మాటలకే నిమిషాలు చాలవు. పైగా గేటు కాపలా మనిషి టోపీ కిందనుంచి సినిమా చూసినట్టు చూస్తుంటాడు. ఫోన్లు గేటు పెట్టెలో పడేసి లోపలికి వెళ్ళాలి, అక్కడ నిప్పురవ్వ కూడా పనికిరాదు. "పెళ్ళయి పదేళ్ళయినా మాది ఇంకా పెళ్ళిచూపులే వదినా, మనిషిని చూసి వెళ్ళిపోవడమే" అని పక్కింటావిడతో అంటూ ఆమె నవ్వేసేది. నవ్వేసి ఇంట్లోకొచ్చి తలుపేసుకుని, కాసేపు అలాగే నిలబడేది.

ఉమ్మడి కొలత సంగతి ఇప్పుడు చెప్పాలి, కథంతా దాని మీదే నడిచింది. పోయడం, తీయడం లేకుండా వాల్వులకి సీలు వేసి ఉంచిన ట్యాంకులో, ఒక డ్యూటీ అంకెకీ తర్వాతి డ్యూటీ అంకెకీ మధ్య తేడా మూడు మిల్లీమీటర్లు దాటకూడదు. దాటిందా, దిగిపోయే మనిషీ ఎక్కిన మనిషీ ఇద్దరూ కలిసి పైకి వెళ్ళి మళ్ళీ కొలిచి, ఒప్పుకున్న అంకె వేసి ఇద్దరూ సంతకాలు పెట్టాలి. ఎవరో ఒకరు చదవడంలో పొరబడ్డారని తేలుతుంది, పొరపాటని పక్కన రాసేస్తారు, అంతే.

మొదటిసారి నిజంగానే పొరపాటు. నిద్ర చాలని కళ్ళతో అతను అలా సీలు వేసి ఉన్న నాలుగో ట్యాంకుని ఐదు మిల్లీమీటర్లు తక్కువ చదివాడు. గేటుదాకా వెళ్ళిన ఆమెని వెనక్కి పిలిచారు. ఇద్దరూ ఎక్కి కొలిస్తే ఆమె అంకే సరి అని తేలింది. సంతకాలయ్యాయి. దిగాలి. దిగలేదు. కంచె పట్టుకుని నిలబడ్డారు. గాలి వీస్తోంది. కింద మనుషులు చిన్నగా కనిపిస్తున్నారు. ఎవరూ పైకి చూడడం లేదు.

"నీకు చెవి దగ్గర తెల్లవెంట్రుక వచ్చిందే" అన్నాడు అతను.

"ఎప్పుడో వచ్చింది. మీకు ఇవాళ కనబడింది."

అతను ఆ వెంట్రుకని చెవి వెనక్కి తోశాడు. నలభై అడుగుల ఎత్తున, డీజిల్ వాసన మధ్య, సుద్ద అంటిన వేలితో. ఆ రాత్రి ఆమెకి కంటిమీద కునుకు లేదు.

తొమ్మిది రోజులకి మళ్ళీ నాలుగో ట్యాంకు ఐదు తక్కువ వచ్చింది. ఆమె గేటు నుంచి వెనక్కి నడుస్తూ లోలోపలే నవ్వుకుంది. అతని చెయ్యి అంత తేలిగ్గా తప్పేది కాదని ఆమెకి తెలియదా? పైకి వెళ్ళాక టేపు దించనే లేదు. పది నిమిషాలు ఊసులాడుకుని, పాత అంకె వేసి, సంతకాలు పెట్టి దిగారు. ఎందుకు పిలిచారని ఆమె అడగలేదు, ఇందుకే పిలిచానని అతను చెప్పలేదు. ఆ మాట అనేస్తే అది తప్పుడు పని అయిపోతుందని ఇద్దరికీ తెలుసు. అనకుండా ఉంటే పొరపాటుగానే ఉంటుంది. ఆరు నెలల్లో అలాంటి పొరపాట్లు మొదటిదాంతో కలిపి పదకొండు జరిగాయి. తొమ్మిది అతనివి, రెండు ఆమెవి. ప్రతిసారీ ఐదే. ఐదుకంటే ఎక్కువ వేస్తే గొడవవుతుంది, మూడు వేస్తే పిలుపే ఉండదు.

ఇంతలో దేవుడు కరుణించినట్టు ఒక కబురు వచ్చింది. ల్యాబులో తొమ్మిది నుంచి ఐదున్నర దాకా ఉండే పగటి ఉద్యోగం ఖాళీ అవుతోంది. అందులోకి అతన్ని వేసి, రాత్రి డ్యూటీకి కొత్త మనిషిని తీసుకుంటారట. ఆర్డరు టైపయి చూద్దాంసారు బల్ల మీద ఉంది, సంతకమే మిగిలింది. ఒకటో తారీకు నుంచి అతను రాత్రిళ్ళు ఇంట్లో ఉంటాడు. ఆమె ఆ మాట ఎవరికీ చెప్పలేదు, దిష్టి తగులుతుందని. కానీ సంతలో ఒక దిండు బేరం చేసి వచ్చింది. కొనలేదు, బేరం చేసిందంతే. సంతకమయ్యాక కొందామనుకుంది.

ఆ మంగళవారం సాయంత్రం గేటు దగ్గర మళ్ళీ పిలుపు. నాలుగో ట్యాంకే. పొద్దున ఆమె వేసింది తొమ్మిది వేల ఎనిమిది వందల నలభై రెండు. ఇప్పుడు అతను వేసింది, చివర నలభై రెండుకి బదులు ముప్పై ఎనిమిది.

మెట్లెక్కుతూ ఆమె అనుకుంది, ఎప్పుడూ ఐదు వేసే మనిషి ఇవాళ నాలుగు వేశాడేమిటి? తొందరలో ఉన్నట్టున్నాడు. పొద్దున తనకీ రెండు తక్కువే వచ్చింది నిజమే. మూడు లోపు తేడాని ఎవరూ పట్టించుకోరు, పాత అంకెనే రాసేయడం డిపోలో అందరికీ అలవాటు. ఆమె కూడా అలాగే రాసేసింది.

పైన అతను టేపుకి సుద్ద రాస్తున్నాడు. నిజంగానే రాస్తున్నాడు.

"అబ్బ, అది పక్కన పెట్టండి. ఉన్నదే పది నిమిషాలు, అందులో టేపొకటా?" అంది ఆమె.

"అది కాదోయ్..."

"పాప ఇవాళ ఏం చేసిందో తెలుసా? మన ముగ్గుర్నీ బొమ్మ వేసింది. నేను ఒక గుమ్మంలోంచి బయటికి పోతున్నాను, మీరు ఇంకో గుమ్మంలోంచి లోపలికొస్తున్నారు. మధ్యలో అది నిలబడి ఇటు ఒక చెయ్యి, అటు ఒక చెయ్యి ఊపుతోంది. టీచరు బాగుందని నక్షత్రం కూడా పెట్టింది."

అతను టేపు చుట్టేశాడు. ఇద్దరూ కంచె పట్టుకుని నిలబడ్డారు. ఒకటో తారీకు తర్వాత ఏమేం చేయాలో చెప్పుకున్నారు. పెద్ద కోరికలేం కావు. చీకటి పడ్డాక ముగ్గురూ కలిసి వీధి చివరిదాకా నడిచి రావడం. అన్నం ముగ్గురూ ఒకేసారి తినడం. పాత అంకె వేసి, సంతకాలు పెట్టి దిగిపోయారు.

బుధవారం పొద్దున ఆరింటికి ఆమె ఎక్కి టేపు దించింది. పట్టిక చూసి లెక్క కట్టింది. ముప్పై ఆరు. మళ్ళీ దించింది. ముప్పై ఆరు. కాపలా మనిషికి కేకేసి అతన్ని పైకి పంపమంది. పొద్దుటి పూట పిలవడం వాళ్ళకి అంతగా అలవాటు లేదు, పాపని స్కూలుకి పంపే పని అతనిది కాబట్టి. అందుకే అతను మెట్లెక్కుతూనే నవ్వుతున్నాడు.

"ఏమిటి, నిన్న సాయంత్రం చాలలేదా తమకి?"

"నిన్న నాలుగు వేశారే, ఐదు వేయకుండా. ఎందుకు?"

అతని మొహంలో నవ్వు ఆగిపోయింది. "నేను వేయలేదు. అంతే వచ్చింది."

"మరి చెప్పరేం?"

"చెప్పబోయాను. నువ్వు బొమ్మ సంగతి మొదలుపెట్టావు. నీ మొహం చూశాక... నా కళ్ళదే తప్పనుకున్నాను. అనుకోవాలనిపించింది."

ఇద్దరూ కలిసి మూడుసార్లు దించారు. ఈసారి ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు, టేపునే చూశారు. ముప్పై ఆరు, ముప్పై ఆరు, ముప్పై ఆరు. ఆ ట్యాంకు వెడల్పుకి ఆరు మిల్లీమీటర్లంటే రెండు వేల లీటర్ల పైమాట. కిందికి చూస్తే ట్యాంకు చుట్టూ కంకర పొడిగా ఉంది, ఒక్క చుక్క తడి లేదు. అంటే అడుగు రేకులోంచి నేరుగా భూమిలోకి దిగుతోంది. ప్రహరీ గోడ అవతల ఇళ్ళ వరుస, ప్రతి ఇంటికీ ఒక బోరు.

"ఈ పొద్దున తగ్గిందని చెబుదాం. నిన్నటి సంగతి ఎత్తొద్దు. ట్యాంకు ఖాళీ చేయిస్తే చాలు కదా" అన్నాడు అతను, నెమ్మదిగా. ఆమె తలూపింది. నిజం చెప్పాలంటే ఆమె మనసులోనూ అదే ఉంది. బల్ల మీది ఆ కాగితం కళ్ళముందు ఆడుతోంది.

చూద్దాంసారు ఏడింటికి వచ్చాడు. కాగితం అక్కడే ఉంది, పక్కనే పెన్ను. రిజిస్టరు తెరిచి వాళ్ళు చెప్పింది విన్నాడు. విసుక్కోలేదు కూడా.

"ఆరు తక్కువా? సరే. నిన్న సాయంత్రమే కదా మీరిద్దరూ కలిసి కొలిచి నలభై రెండు అని సంతకాలు పెట్టారు?" పేజీలు వెనక్కి తిప్పాడు. "ఇదిగో, పోయిన నెల ఇలాగే. అంతకు ముందు నెల రెండుసార్లు. ఆ నాలుగో ట్యాంకుతోనే మీకు పడదేమిటమ్మా? పాపం నిద్రల్లేక కళ్ళు మసకబారుతున్నాయి, నాకు తెలియదా? ట్యాంకు ఖాళీ చేయడమంటే మాటలా, పైవాళ్ళకి సమాధానం చెప్పాలి. సాయంత్రం ఇంకోసారి కొలవండి, చూద్దాం. ఒకటో తారీకు నుంచి ఎలాగూ మీకు ఈ అవస్థ తప్పుతుంది." అంటూ పెన్ను మూత తీశాడు.

ఆ పెన్ను కాగితం మీదికి వెళ్తుంటే ఆమె చూసింది. ఆరు నెలలుగా ఏ సంతకం కోసం ఎదురుచూసిందో ఆ సంతకం. ఇంకో రెండు క్షణాలు నోరు మూసుకుంటే చాలు. సాయంత్రం మళ్ళీ కొలవొచ్చు, అప్పుడు ఎనిమిది తగ్గుతుంది, అప్పుడు నమ్ముతాడు. ఈలోగా భూమిలోకి ఇంకో ఏడు వందల లీటర్లు.

"అవి పొరపాట్లు కావు సార్" అంది.

పెన్ను ఆగింది.

"మొదటిదొక్కటే పొరపాటు. తక్కిన పదీ అబద్ధాలు. మేమే కావాలని వేశాం. పైకెళ్ళి టేపు కూడా దించలేదు. నిన్న సాయంత్రం కూడా దించలేదు, నేనే వద్దన్నాను. ఇవాళ్టిది మాత్రం నిజం సార్."

"పదింట్లో ఎనిమిది నావి" అన్నాడు అతను. తల దించుకోలేదు.

చూద్దాంసారు పెన్ను మూత పెట్టేశాడు. "పది అబద్ధాలు ఆడినవాళ్ళు పదకొండోది ఆడరని నేనెలా నమ్మను?"

"చూసుకోండి సార్. కావాలని వేసినప్పుడల్లా ఐదే వేశాం. ఐదు తప్ప ఇంకోటి వేయలేదు. నిన్నటిది నాలుగు. ఇది ఆరు."

ఆయన పేజీలు మొదట్నుంచీ తిప్పాడు. ఒక్కొక్క గీత మీద వేలు పెట్టి చూశాడు. ఐదు, ఐదు, ఐదు. చివర్లో నాలుగు దగ్గర వేలు ఆగింది.

"ఎందుకమ్మా ఇదంతా?"

ఆమె ఏవేవో చెప్పాలనుకుంది. దిండు సంగతి, బొమ్మ సంగతి, చెవి దగ్గర వెంట్రుక సంగతి. ఏదీ ఆఫీసు గదిలో చెప్పే మాటలా లేదు.

"ఈయన్ని చూడ్డానికి సార్."

"ఆ మాట నాతో అంటే నేనేదో చేసేవాణ్ణి కదా! ఒక్కసారైనా అడిగారా?"

"నాలుగుసార్లు రాసిచ్చాం సార్. మీ కుడిచేతి సొరుగులో ఉంటాయి."

ఆయన సొరుగు తెరవలేదు. తెరవాల్సిన పని లేదని ఆయనకి తెలుసు. లేచి హెల్మెట్ పెట్టుకుని, మోకాళ్ళ నొప్పితో ఆ మెట్లన్నీ తనే ఎక్కాడు. చాలా ఏళ్ళ తర్వాత ఎక్కడం కాబోలు, మధ్యలో మూడుసార్లు ఆగాడు. తనే టేపు దించాడు. ముప్పై ఆరు. పైనుంచే అరిచాడు, పంపులు పెట్టమని, నాలుగులోది రెండులోకి తోడేయమని. ఆ రోజు ఆయన నోట చూద్దాం అన్న మాట ఎవరూ వినలేదు.

తర్వాత ట్యాంకులోకి దిగినవాళ్ళు అడుగు రేకు అతుకు దగ్గర బియ్యపుగింజంత కన్నం చూశారు. గోడ అవతలి బోరు నీళ్ళు సీసాల్లో పట్టి పరీక్షించారు, వాటిదాకా పోలేదు. ఇంకో వారం ఆగి ఉంటే చెప్పలేమన్నారు. ఆ మాట విన్నప్పుడు ఆమె గుండెలమీంచి బరువు దిగింది. ఆ వెంటనే ఇంకో బరువు ఎక్కింది. ల్యాబు ఉద్యోగం ఇంకెవరికో వెళ్ళింది. ఉమ్మడి కొలతకి ఇకమీదట మూడో మనిషి కూడా ఉండాలని కొత్త ఉత్తర్వు వచ్చింది. అబద్ధపు అంకెలు వేసినందుకు ఇద్దర్నీ పదిహేను రోజులు పనిలోంచి నిలిపేశారు. ఆ పదిహేను రోజులూ కొలవడానికి పక్క డిపో నుంచి ఇద్దర్ని అరువు తెచ్చుకున్నారు. ఆ ఏర్పాటేదో ముందే చేసి ఉంటే ఏం పోయింది అని అడిగేవాళ్ళు లేరు.

సస్పెన్షన్ మొదటిరోజు మధ్యాహ్నం ఇద్దరూ ఇంట్లోనే ఉన్నారు. ఉండడం ఎలాగో చేతకాలేదు. ఆమె వంటగదిలోకి వెళ్తే అతను అక్కడే ఉన్నాడు. అతను వసారాలోకి వస్తే ఆమె అడ్డం. కాసేపు నడుం వాలుద్దామని ఇద్దరూ మంచం దగ్గరికి వెళ్ళి, ఇద్దరూ గోడవైపే ఎక్కబోయారు.

"అది నా చోటు" అంది ఆమె.

"పగలు నాదే కదోయ్" అన్నాడు.

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ ఆమె ఏడ్చింది. "మీ ల్యాబు ఉద్యోగం నా నోటితో నేనే పోగొట్టాను" అంది. "నువ్వు అనకపోతే నేనే అనేవాణ్ణి" అన్నాడతను. అది నిజమో కాదో ఆమె అడగలేదు. ఒకే దిండు మీద రెండు తలలూ పెట్టి, ఎదురెదురుగా చాలాసేపు పడుకున్నారు. దిండు నుంచి కాక మనిషి దగ్గర్నుంచే ఆ తలనూనె వాసన వస్తుంటే, ఇన్నాళ్ళూ దేనితో సరిపెట్టుకుందో ఆమెకి అప్పుడు తెలిసొచ్చింది.

నాలుగింటికి కూతురు స్కూలు నుంచి వచ్చింది. తలుపు తోసుకుని లోపలికొచ్చి, నాన్న పక్కన అమ్మని చూసి, గుమ్మంలోనే ఆగిపోయింది. సంచీ భుజం మీంచి జారినా పట్టించుకోలేదు. పోయిన వానాకాలం అమ్మకి పెద్ద జ్వరం వచ్చినప్పుడు తప్ప ఇద్దర్నీ ఇలా పగటిపూట ఒక్కచోట ఎప్పుడూ చూడలేదది.

"ఎవరికి జ్వరం?" అంది భయంగా.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

పాప దగ్గరికొచ్చి, అమ్మ తనకి చూసినట్టే అమ్మ నుదుటి మీద అరచెయ్యి వేసింది. కాసేపు ఉంచింది. తర్వాత నాన్న నుదుటి మీద వేసింది. నమ్మకం కుదరక మళ్ళీ అమ్మది చూసింది.

"ఎవరికీ లేదు" అంది. ఇంకా అనుమానంగానే, "మరి ఇద్దరూ ఇంట్లో ఎందుకున్నారు?"